రాయని సిలబస్: యూనివర్సిటీలో మన చదువు ఎక్కడ ఆగుతోంది?

ఏటా జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ షాప్‌కామ్ దగ్గర విద్యార్థులు చేరి రోహిత్ వేములను తలుచుకుంటారు. ఆ ఒక్క రోజు పత్రికలు, టీవీలు కూడా దళిత విద్యార్థి గురించి మాట్లాడతాయి. మిగతా రోజుల్లో మన విద్యార్థి వార్త కావాలంటే రెండే దారులు: ర్యాంకు కొట్టాలి, లేదా చనిపోవాలి. ఈ రెండింటి మధ్య ఉన్న అయిదారేళ్ల చదువు గురించి ఎవరూ అడగరు. గైడ్ దొరికాడా, ఇంటర్నల్స్‌లో ఎన్ని మార్కులు వచ్చాయి, ఫెలోషిప్ పడిందా అన్నవి వార్తలు కావు. క్యాంపస్‌లో మన విద్యార్థులు టీ తాగుతూ, మెస్‌లో తింటూ మాట్లాడుకునేది మాత్రం ఎక్కువగా వీటి గురించే.

ఈ వ్యాసం ఆ మాటల గురించి. యూనివర్సిటీలో చదువు ఎలా ఉందని దళిత విద్యార్థిని అడిగితే వచ్చే జవాబుల్లో కోపం ఉంటుంది, ప్రేమ ఉంటుంది, అలసట ఉంటుంది. కానీ వాటన్నిటి అడుగున ఒక ఫిర్యాదు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది: ఇక్కడ ముఖ్యమైనవేవీ రాసి ఉండవు. ఎవరికి ఎందుకు ఏ గైడ్ వచ్చాడో రాసి ఉండదు. ఇంటర్వ్యూలో మార్కులు ఎందుకు తగ్గాయో రాసి ఉండదు. ఫెలోషిప్ ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో రాసి ఉండదు. రాయని చోట మనిషి ఇష్టం నడుస్తుంది. మన దేశంలో మనిషి ఇష్టానికి కులం ఉంటుంది. మేం చెప్పదలుచుకున్నది ఇంతే. దీన్ని ఒక్కొక్క మెట్టు మీద నిలబడి చూద్దాం.

లోపలికి వచ్చాక ఏమవుతున్నారు?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత వచ్చిన ఆరు సూత్రాల పథకంలో ఇదొక అంశం. దీనికోసం రాజ్యాంగంలో 371-ఇ అధికరణం చేర్చారు. అంటే ఇది ప్రజల పోరాటాల నుంచి, ప్రజల డబ్బుతో పుట్టిన చదువుల చోటు. ఇక్కడికి వచ్చే మన పిల్లల్లో చాలామంది సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో, గురుకులాల్లో చదివినవాళ్లు. ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి వాళ్లే.

లోపలికి రావడానికి రాసిన నియమం ఉంది. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం సీట్లు ఇవ్వాలని 2006 చట్టం చెబుతుంది. సీటు ఇవ్వకపోతే కోర్టుకు వెళ్లొచ్చు, లెక్క చూపించమని అడగొచ్చు. అందుకే గేటు దాకా మనం రాగలుగుతున్నాం.

గేటు దాటాక సంగతి వేరు. 2023 డిసెంబర్‌లో కేంద్ర విద్యాశాఖ పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారం, అంతకుముందు అయిదేళ్లలో సెంట్రల్ యూనివర్సిటీలు, ఐఐటీలు, ఐఐఎంలలో చదువు మధ్యలో వదిలేసిన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13,626 మంది. ఒక్క సెంట్రల్ యూనివర్సిటీల్లోనే ఎస్సీలు 2,424 మంది, ఎస్టీలు 2,622 మంది, ఓబీసీలు 4,596 మంది. విద్యార్థులు వేరే సంస్థలకో, వేరే కోర్సులకో మారుతుంటారని ప్రభుత్వం కారణం చెప్పింది. కొందరు మారి ఉండొచ్చు. అయితే ఎవరు మారారు, ఎవరు ఊరికి తిరిగి వెళ్లిపోయారు అన్నది ఆ లెక్క చెప్పదు. ఇదీ రాయని విషయమే.

మొదటి మెట్టు: ఇంటర్వ్యూ

పీహెచ్‌డీ అడ్మిషన్‌తో మొదలుపెడదాం. యూజీసీ 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం రాత పరీక్ష అర్హత కోసమే. అందులో 50 శాతం దాటితే చాలు. ఆ తర్వాత ఎంపిక మొత్తం ఇంటర్వ్యూ మీదే. దీని మీద దేశమంతా విద్యార్థులు పోరాడారు. 2018లో సవరణ వచ్చి రాత పరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 అయింది. 2022 నిబంధనల్లోనూ ప్రవేశ పరీక్షకు ఈ లెక్కే ఉంది. 2024 నుంచి నెట్ స్కోరుతో పీహెచ్‌డీలో చేరేవాళ్లకు కూడా 70, 30 లెక్క పెట్టారు. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకు మాత్రం ఎంపిక ఇంటర్వ్యూ ద్వారానే.

30 మార్కులే కదా అనుకోవద్దు. ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక విద్యార్థికి రాత పరీక్షలో 100కు 60 వచ్చాయి, ఇంకొకరికి 50. 70 శాతం లెక్క కడితే మొదటి విద్యార్థికి 42, రెండో విద్యార్థికి 35. ఇప్పుడు ఇంటర్వ్యూలో మొదటి విద్యార్థికి 30కి 8, రెండో విద్యార్థికి 16 వేశారు. మొదటి మొత్తం 50. రెండోది 51. రాత్రింబవళ్లు చదివి సంపాదించిన పది మార్కుల ఆధిక్యం పదిహేను నిమిషాల సంభాషణలో పోయింది. 8 ఎందుకు వేశారో, 16 ఎందుకు వేశారో ఎక్కడా కారణం రాయరు.

ఇది ఊహ కాదు అనడానికి యూనివర్సిటీల సొంత కాగితాలే ఉన్నాయి. ఢిల్లీలోని జేఎన్‌యూలో ప్రొఫెసర్ అబ్దుల్ నఫే నాయకత్వంలోని కమిటీ రాత మార్కులనీ వైవా మార్కులనీ పక్కపక్కన పెట్టి చూసింది. వైవాలో అణగారిన వర్గాల విద్యార్థుల పట్ల వివక్ష కనిపిస్తోందని 2016లో నివేదిక ఇచ్చింది. వైవా మార్కులను 30 నుంచి 15కు తగ్గించమని సూచించింది. అంతకుముందు 2007లో ఢిల్లీ ఎయిమ్స్ మీద ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్ కమిటీ ఇచ్చిన నివేదికలో కూడా ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ప్రాక్టికల్స్‌లో, వైవాలో మార్కులు వేసే తీరు గురించి ఫిర్యాదు చేశారు. పేరు దాచిన రాత పరీక్షలో లేని తేడా, మొహం చూసి మాట్లాడే పరీక్షలో ఎందుకు వస్తోందన్నదే ప్రశ్న.

ఇక్కడ కొందరు అంటారు: మీకు రిజర్వేషన్ ఉంది కదా, ఇంటర్వ్యూ మార్కులతో నష్టమేంటి? నష్టం ఉంది. మంచి రాత మార్కులు వచ్చిన ఎస్సీ విద్యార్థి ఓపెన్ సీటుకు అర్హుడు. ఇంటర్వ్యూలో మార్కులు తగ్గిస్తే ఆ విద్యార్థి రిజర్వుడ్ సీటులోకి జారతాడు. అప్పుడు ఆ సీటులో రావాల్సిన ఇంకో ఎస్సీ విద్యార్థి బయటే ఉండిపోతాడు. ఓపెన్ కోటా అంటే అందరికీ అన్న అర్థం పోయి, ఆ పేరు మీద అగ్రకులాలకు ఒక కోటా తయారవుతుంది. కట్టాఫ్‌లు చూసేటప్పుడు మనం ఈ సంగతి గమనించాలి.

రెండో మెట్టు: గైడ్

పీహెచ్‌డీలో గైడ్ సంతకం లేకుండా ఏదీ కదలదు. ప్రతి సెమిస్టర్ ప్రోగ్రెస్ రిపోర్టు, ఫెలోషిప్ కొనసాగింపు, ఫీల్డ్ వర్క్ సెలవు, చివరికి థీసిస్ సమర్పణ, అన్నింటికీ ఆ సంతకం కావాలి. రేపు ఉద్యోగానికి సిఫారసు లేఖ కూడా ఆ చేతి నుంచే రావాలి. ఒక మనిషి చేతిలో ఇంత అధికారం ఉన్నప్పుడు, ఆ మనిషిని ఎలా కేటాయిస్తారన్నది చిన్న విషయం కాదు.

2022 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6 మంది, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మంది వరకు పీహెచ్‌డీ విద్యార్థులు ఉండొచ్చు. ఎంతమంది ఉండొచ్చో రాశారు. ఎవరు ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చే పని డిపార్ట్‌మెంట్‌దే. అక్కడ విద్యార్థి ఆసక్తి, సబ్జెక్టు చూస్తామంటారు. కానీ ఆచరణలో "నా దగ్గర ఖాళీ లేదు", "నీ టాపిక్ నా ఏరియా కాదు", "ఇంగ్లీషు ఇంకొంచెం మెరుగుపరుచుకుని రా" అన్న మాటలు ఎవరికి ఎక్కువ వినబడతాయో మన విద్యార్థులను అడిగితే తెలుస్తుంది.

ఈ మెట్టు మీద ఏం జరుగుతుందో హెచ్‌సీయూకు 2008లోనే తెలుసు. తమిళనాడు నుంచి ఫిజిక్స్ పీహెచ్‌డీకి వచ్చిన సెంథిల్ కుమార్ ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నాడు. పందుల పెంపకం మీద బతికే పన్నియాండి కులం నుంచి అంత దూరం చదివి వచ్చినవాడు. చనిపోయేనాటికి అతనికి గైడ్ లేడు. కోర్సువర్క్‌లో ఒక పేపర్ పోయింది, ఫెలోషిప్ ఆగింది. విద్యార్థులు ఆందోళన చేశాక యూనివర్సిటీ తమ ప్రొఫెసర్ వినోద్ పావరాల నాయకత్వంలో విచారణ కమిటీ వేసింది. కోర్సువర్క్, గైడ్ కేటాయింపు విషయాల్లో ఆ విభాగంలో నియమాలు స్పష్టంగా లేవనీ, ఒకలా అమలు కావడం లేదనీ, దాని దెబ్బ ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల మీద పడుతోందనీ ఆ కమిటీ గుర్తించింది.

ఆ కమిటీ చూసినదాన్ని మనం బాగా గుర్తుపెట్టుకోవాలి. ఎవరో ఒకరు తిట్టారనో, కొట్టారనో అది తేల్చలేదు. నియమం లేకపోవడమే మనుషులను ఎలా తొక్కుతుందో చూపించింది. కులం పేరు ఎత్తకుండానే కులం పనిచేసే పద్ధతి ఇదే. 2013లో అదే క్యాంపస్‌లో పీహెచ్‌డీ విద్యార్థి మదారి వెంకటేష్ చనిపోయినప్పుడు కూడా గైడ్ కేటాయింపు ప్రశ్నే ముందుకొచ్చింది. అయిదేళ్ల కింద దొరికిన జవాబును అమలు చేసి ఉంటే ఆ ప్రశ్న మళ్లీ వచ్చేది కాదు.

గైడ్ దొరికాక కూడా టాపిక్ దగ్గర పేచీ వస్తుంది. కులం మీద పరిశోధన చేస్తానంటే "అది యాక్టివిజం, అకడమిక్ కాదు" అంటారు. కులం కాక వేరే విషయం ఎంచుకుంటే "నీకు మీ కమ్యూనిటీ మీద అయితే బాగుంటుంది కదా" అంటారు. గుడి శిల్పం మీద, ఫిజిక్స్ సమీకరణాల మీద, ప్రాచీన కావ్యాల మీద పనిచేసే హక్కు కూడా మనకు ఉందని చెప్పుకోవాల్సి రావడం వింతే. రోహిత్ లైఫ్ సైన్సెస్ నుంచి సైన్స్, టెక్నాలజీ, సమాజం అనే పరిశోధనలోకి వచ్చాడు. నక్షత్రాల గురించి రాయాలనుకున్నవాడు. టాపిక్ ఎంచుకోవడం కూడా స్వేచ్ఛలో భాగమే.

మూడో మెట్టు: ఇంటర్నల్స్, ఇంగ్లీషు

ఎం.ఏ., ఎమ్మెస్సీ విద్యార్థుల మాటల్లో ఎక్కువగా వచ్చేది ఇంటర్నల్స్. టెస్టు, సెమినార్, టర్మ్ పేపర్, క్లాసులో చర్చ, అన్నీ పాఠం చెప్పే టీచరే వేస్తారు. నిరంతరం అంచనా వేయడం మంచి పద్ధతే. ఒక్క ఏడాది చివరి పరీక్ష మీద బతుకు ఆధారపడకూడదు. కానీ టర్మ్ పేపర్‌కు 20కి 9 వేసినప్పుడు ఎందుకు 9 అన్నది విద్యార్థికి చెప్పాలి కదా. పేపర్ తిరిగి ఇవ్వరు. ఇచ్చినా దాని మీద ఒక్క వాక్యం ఉండదు. తప్పు ఎక్కడుందో తెలియని విద్యార్థి తర్వాతి పేపర్‌లో దేన్ని సరిచేసుకోవాలి?

దీనికి ఇంగ్లీషు తోడవుతుంది. జిల్లా డిగ్రీ కాలేజీలో తెలుగు మీడియంలో చరిత్ర, రాజనీతి బాగా చదివిన విద్యార్థి ఇక్కడికొచ్చాక మొదటి సెమిస్టర్ మొత్తం నోరు విప్పడు. విషయం తెలియక కాదు, వాక్యం కూడక. క్లాసులో మాట్లాడనివాడికి చదవలేదన్న ముద్ర పడుతుంది. కాన్వెంట్ ఇంగ్లీషులో రెండు పేర్లు, మూడు పదాలు వాడినవాడికి తెలివైనవాడన్న పేరు వస్తుంది. భాష మెరిట్‌గా మారే చోటు ఇది. యాస మీద నవ్వు కూడా ఇక్కడే మొదలవుతుంది.

ఇందులో యూనివర్సిటీ చేయగలిగింది ఏమీ లేదా? ఇదే నగరంలో వందేళ్ల కిందట జరిగింది గుర్తుచేసుకుందాం. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంలో మొదలైంది. దానికోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి, పాఠ్యపుస్తకాలను, శాస్త్ర పదాలను ఉర్దూలోకి తెచ్చారు. మెజారిటీ ప్రజల తెలుగును పక్కన పెట్టారన్న విమర్శ న్యాయమైనదే. కానీ పాలకులు అనుకుంటే పై చదువులను ఒక దేశీ భాషలోకి తేగలరని ఆ అనుభవం రుజువు చేసింది. ఇప్పుడు మన విద్యార్థులు అడుగుతున్నది అంతకంటే చాలా చిన్నది. మొదటి ఏడాదిలో అకడమిక్ రాతను పద్ధతిగా నేర్పే కోర్సు, ముఖ్యమైన పాఠాలకు తెలుగు నోట్స్, తెలుగులో ప్రశ్న అడిగే వీలు. రెమిడియల్ క్లాసులని పేరు పెట్టి, సాయంత్రం ఆరింటికి ఖాళీ గదిలో, ఎవరూ రాని టైమ్‌టేబుల్‌తో నడిపితే అది ఈ అవసరాన్ని తీర్చదు. పైగా ఆ క్లాసుకు వెళ్లేవాళ్ల మీద ముద్ర వేస్తుంది.

ఈ లోటును చాలాకాలంగా పూరిస్తున్నది విద్యార్థి సంఘాలే. హెచ్‌సీయూలో 1990ల నుంచి పనిచేస్తున్న అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌ను బయటివాళ్లు ఎన్నికల్లో, ధర్నాల్లో చూస్తారు. లోపలివాళ్లకు అది సీనియర్ గదిలో దొరికే పాత ప్రశ్నపత్రం, రీసెర్చ్ ప్రపోజల్ దిద్దిపెట్టే అన్న, ఇంటర్వ్యూ ముందురోజు నాలుగు ప్రశ్నలు అడిగి భయం పోగొట్టే అక్క. యూనివర్సిటీ జీతమిచ్చి చేయించాల్సిన పనిని మన పిల్లలు తమ చదువు టైమ్ తగ్గించుకుని చేస్తున్నారు. అయినా క్యాంపస్ మీద మన విద్యార్థులకు ఉన్న ప్రేమ అక్కడే పుడుతుంది. రాత్రి లైబ్రరీలో కూర్చుని అంబేడ్కర్ రచనల సంపుటాలు మొదటిసారి చేతిలోకి తీసుకున్న రోజును చాలామంది మరిచిపోరు. వాళ్లకు యూనివర్సిటీ మీద ద్వేషం లేదు. అది తమది కావాలని అడుగుతున్నారు.

నాలుగో మెట్టు: డబ్బు

1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేడ్కర్ కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. తర్వాత లండన్‌లో చదువుతుండగా స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. ఉద్యోగం చేసి, డబ్బు కూడబెట్టి, 1920లో మళ్లీ లండన్ వెళ్లి చదువు పూర్తిచేశారు. అంతటి మనిషి చదువుకే డబ్బు ఆగితే మూడేళ్ల గండి పడింది. మన విద్యార్థికి పడే గండి ఎంతో ఊహించుకోవచ్చు.

రోహిత్ తన చివరి లేఖలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ గురించి, లక్షా 75 వేల రూపాయల గురించి రాశాడు. ఆ లేఖను అందరూ కవిత్వంలా చదివారు. ఈ లెక్క మీద మాత్రం ఎక్కువమంది ఆగలేదు. ఫెలోషిప్ అంటే బయటివాళ్లకు పాకెట్ మనీ. మనకు అది మెస్ బిల్లు, ఇంటి అద్దె, అమ్మ మందులు, తమ్ముడి ఫీజు. రోహిత్ కూడా దాంట్లోంచే ఇంటికి డబ్బు పంపేవాడు.

ఫెలోషిప్‌లలోనూ మెట్లు ఉన్నాయి. జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000. నెట్ లేని పీహెచ్‌డీ విద్యార్థికి సెంట్రల్ యూనివర్సిటీల్లో ఇచ్చేది 8,000. ఆ 8,000 అంకె 2012లో వేసింది. ధరలు పెరిగాయి, జేఆర్‌ఎఫ్ పెరిగింది, ఇది మాత్రం అక్కడే ఉంది. 2015 అక్టోబర్‌లో దీన్ని పూర్తిగా ఎత్తేయాలని యూజీసీ నిర్ణయిస్తే విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు బైఠాయించి నిలబెట్టుకున్నారు. ఇక ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే జాతీయ ఫెలోషిప్ ఉంది. ఒకప్పుడు రాజీవ్ గాంధీ పేరుతో ఉండేది. దేశం మొత్తానికి ఏడాదికి 2,000 మందికి ఇస్తారు.

ఫెలోషిప్ రాకపోవడం ఒక సమస్య. వచ్చిన ఫెలోషిప్ పడకపోవడం ఇంకో సమస్య. కొనసాగింపు ఫారం గైడ్ దగ్గర, తర్వాత హెచ్‌ఓడీ, డీన్, స్కాలర్‌షిప్ సెక్షన్, ఆ పైన ఢిల్లీ. ఎక్కడ ఆగినా విద్యార్థికి తెలిసేది ఒక్కటే: ఖాతాలో డబ్బు పడలేదు. మెస్ బకాయి పెరుగుతుంది. బకాయి ఉంటే నో డ్యూస్ రాదు. నో డ్యూస్ లేకపోతే తర్వాతి కాగితం కదలదు. ఆఫీసులో జరిగిన ఆలస్యానికి విద్యార్థి డిఫాల్టర్ అవుతాడు. ఇందులో ఎవరూ ఎవరినీ కులం పేరుతో తిట్టలేదు. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోగలిగినవాడికి ఆర్నెల్ల ఆలస్యం చిరాకు. తెప్పించుకోలేనివాడికి అది చదువు మానేసే కారణం.

కౌన్సెలర్ గైడ్‌ను ఇవ్వలేడు

ఒక మరణం జరిగాక యూనివర్సిటీలు సాధారణంగా కౌన్సెలింగ్ సెంటర్ తెరుస్తాయి, యోగా క్లాసులు పెడతాయి, మానసిక ఆరోగ్యం మీద సదస్సు నడుపుతాయి. కౌన్సెలింగ్ అవసరమే. బాధలో ఉన్న విద్యార్థి ఎవరితోనైనా మాట్లాడాలి, మాట్లాడటం సిగ్గుపడాల్సిన పని కాదు. కానీ కౌన్సెలర్ గైడ్‌ను కేటాయించలేడు. ఆగిన ఫెలోషిప్ విడుదల చేయలేడు. వైవా మార్కులు సరిచేయలేడు. కారణం ఆఫీసులో ఉంటే వైద్యం విద్యార్థి మనసుకు మాత్రమే చేయడం, తప్పు అతని లోపలే ఉందని చెప్పినట్టు అవుతుంది.

ఇంకో అభ్యంతరం టీచర్ల వైపు నుంచి వస్తుంది. పరిశోధన గురుశిష్య సంబంధమనీ, దాన్ని నియమాల్లో బిగిస్తే చచ్చిపోతుందనీ వాళ్లంటారు. ఇందులో కొంత నిజం ఉంది. మన విద్యార్థులను పిల్లల్లా చూసుకుని, అర్ధరాత్రి చాప్టర్లు దిద్దిన గైడ్లు ఉన్నారు. వాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. అయితే మంచి గైడ్ దొరకడం అదృష్టం మీద ఆధారపడకూడదు. రాసిన నియమం మంచి టీచర్‌ను ఆపదు. చెడ్డ టీచర్ నుంచి విద్యార్థిని కాపాడుతుంది. పైగా గురువు ఇష్టానికే అంతా వదిలేస్తే ఏకలవ్యుడికి ఏం మిగిలిందో మన వాడల్లో పిల్లలకు కూడా తెలుసు.

చేతిలో ఉన్న ఆయుధాలు

రాసిన నియమాలు అసలు లేవని కాదు. ఉన్నవి మనకు తెలియాలి.

యూజీసీ 2012లో ఉన్నత విద్యాసంస్థల్లో సమానత్వం కోసం నిబంధనలు తెచ్చింది. ప్రతి సంస్థలో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ ఉండాలి, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి, ఫిర్యాదును 60 రోజుల్లో తేల్చాలి. క్లాసులో కులం పేరు చెప్పి పిలవడం, రిజర్వుడ్ కేటగిరీ అని ముద్ర వేయడం, మార్కులు తగ్గడానికి కులమే కారణమన్నట్టు మాట్లాడటం వివక్షేనని అందులో రాసి ఉంది. ఈ నిబంధనలు అమలు కావడం లేదని రోహిత్ తల్లి రాధిక వేముల, ముంబైలో చనిపోయిన డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి ఆబెదా తడ్వీ 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు నడుస్తుండగానే 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు ప్రకటించింది. అదే నెలలో సుప్రీంకోర్టు వాటి అమలు ఆపి, 2012 నిబంధనలే కొనసాగుతాయని చెప్పింది. కాబట్టి 2012 కాగితం పాతదని పక్కన పడేయొద్దు. మీ యూనివర్సిటీలో ఆ అధికారి పేరు ఏమిటో, గత ఏడాది ఎన్ని ఫిర్యాదులు తేల్చారో అడగండి.

సమాచార హక్కు చట్టం ఉంది. మూల్యాంకనం చేసిన తన జవాబు పత్రాన్ని చూసే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్‌ఈ కేసులో తేల్చింది. కేంద్ర సంస్థల్లో పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. రాత మార్కులు, ఇంటర్వ్యూ మార్కులు కేటగిరీల వారీగా విడివిడిగా ఇవ్వమని అడగండి. ఒక్కరు అడిగితే టార్గెట్ అవుతామన్న భయం ఉంటే సంఘం తరఫున, బయటివాళ్ల చేత అడిగించొచ్చు. జేఎన్‌యూలో వైవా మీద పోరాటానికి బలం వచ్చింది ఇలాంటి అంకెల నుంచే.

అన్నిటికంటే ముందు, నోటిమాటను కాగితం చేయడం నేర్చుకోవాలి. గైడ్‌తో మీటింగ్ అయ్యాక "ఈ రోజు మీరు చెప్పిన మార్పులు ఇవి, ఫలానా తేదీకి ఇస్తాను" అని ఒక మెయిల్ పెట్టండి. ఆఫీసులో ఇచ్చిన ప్రతి దరఖాస్తుకు తేదీతో స్టాంపు వేయించుకుని జిరాక్స్ దాచుకోండి. ఇది గొడవ పెట్టుకోవడం కాదు. రేపు "నువ్వు ఇవ్వనే లేదు" అన్నప్పుడు చూపించడానికి.

ఏం రాయించాలి?

విద్యార్థుల మాటలన్నీ కలిపి చూస్తే డిమాండ్లు పెద్దవేం కావు. పీహెచ్‌డీలో చేరిన నిర్ణీత వారాల్లో గైడ్‌ను కేటాయించాలి, ఏ పద్ధతిలో కేటాయించారో నోటీసు బోర్డులో పెట్టాలి. గైడ్‌ను మార్చుకోవాలంటే దారేమిటో రాయాలి. ఇంటర్వ్యూలో ప్రతి సభ్యుడూ విడిగా మార్కులు వేసి ఒక వాక్యం కారణం రాయాలి, బోర్డులో ఎస్సీ, ఎస్టీ టీచర్ ఉండాలి. అలా ఉండాలంటే "తగిన అభ్యర్థి దొరకలేదు" అంటూ ఖాళీగా వదిలేసిన రిజర్వుడ్ టీచర్ పోస్టులు ముందు నింపాలి. ఇంటర్నల్ పేపర్లు వ్యాఖ్యలతో తిరిగి ఇవ్వాలి. ఫెలోషిప్ ఫైలు ఏ టేబుల్ మీద ఎన్ని రోజులు ఉందో విద్యార్థికి కనిపించాలి, డబ్బు ఆలస్యమైతే మెస్ బకాయి చూపి చదువు ఆపకూడదు. మధ్యలో మానేసిన ప్రతి విద్యార్థి ఎందుకు వెళ్లాడో అడిగి, కేటగిరీ వారీగా ఏటా లెక్క బయటపెట్టాలి.

వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు. చాలావాటికి డబ్బు కూడా అక్కర్లేదు. అకడమిక్ కౌన్సిల్‌లో ఒక తీర్మానం, ఒక సర్క్యులర్ చాలు. ఖర్చు లేని పని కూడా ఇన్నేళ్లుగా ఎందుకు జరగడం లేదని అడిగితే, రాసిన రోజున కొందరి ఇష్టం చెల్లదు కాబట్టి అన్న జవాబే మిగులుతుంది.

అంటరానితనాన్ని రద్దు చేస్తున్నామని రాజ్యాంగంలో 17వ అధికరణంగా రాయించుకున్నవాళ్లం మనం. అప్పటిదాకా అది అందరికీ తెలిసిన, ఎక్కడా రాయని ఆచారంగా నడిచింది. రాసినంత మాత్రాన అది పోలేదు. కానీ రాశాకే దాన్ని నేరమని పిలవగలిగాం, నిలదీయగలిగాం. గైడ్ గదిలో, ఇంటర్వ్యూ బోర్డులో, స్కాలర్‌షిప్ సెక్షన్‌లో కూడా ఆ పనే మిగిలి ఉంది. వచ్చే జనవరి 17కు ముందు మీ డిపార్ట్‌మెంట్‌లో గైడ్ కేటాయింపు నియమం కాపీ ఇవ్వమని ఒక దరఖాస్తు పెట్టండి. కాపీ ఇస్తే చదువుకుందాం. లేదని జవాబిస్తే, ఆ జవాబునే కాగితం మీద ఇవ్వమందాం.